ఉప్పు మిగిల్చిన గడ్డిమైదానం



చవుడు నేల అంటే మనకు చిన్నచూపు. కృష్ణా, పాత గుంటూరు జిల్లాల తీరపు పల్లెల్లో దాన్ని పర్ర అంటారు. ఎండాకాలంలో పైన తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. వానాకాలంలో కాలు పెడితే జారే బురద. విత్తు వేస్తే మొలవదు. పొలం బేరానికి వచ్చినప్పుడు "కాస్త చవుడు ఉందండీ" అన్నారంటే ఆ బేరం అక్కడితో నీరుగారినట్టే. ఇవాళ నేను చెప్పబోయేది ఒక చవుడు నేల గురించే. కాకపోతే అది మన దగ్గర లేదు. హైదరాబాదుకు ఉత్తరంగా దాదాపు 3,800 కిలోమీటర్ల దూరంలో, హిమాలయాలకు అవతల, పామీరు కొండలకు అవతల, కజకిస్తాన్ దేశంలో ఉంది. దాని పేరు కోర్గల్జిన్.

రాజధాని అస్తానా నుంచి నైరుతిగా 130 కిలోమీటర్లు వెళితే కోర్గల్జిన్ అనే చిన్న ఊరు వస్తుంది. దారిలో పెద్ద కొండ లేదు, అడవి లేదు. కింద నేల, పైన ఆకాశం, మధ్యలో ఎప్పుడూ ఆగని గాలి. ఎక్కడైనా చెట్లు వరసగా కనిపించాయంటే అక్కడ ఊరు ఉందనో, గాలిని అడ్డుకోవడానికి సోవియట్ రోజుల్లో ఎవరో నాటారనో అర్థం. హంగరీ నుంచి మంగోలియా దాకా ఆసియా, యూరప్ ఖండాలకు అడ్డంగా పరుచుకున్న గడ్డిమైదానాలను స్టెప్పీ అంటారు. ఆ స్టెప్పీలో ఇది ఒక ముక్క. అందులోనూ ఉప్పు ముక్క.

ఇక్కడి ప్రకృతి రిజర్వును 1968లో ఏర్పాటు చేశారు. 1976లో, ఇంకా సోవియట్ పాలన ఉండగానే, ఇక్కడి సరస్సులు రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాకు ఎక్కాయి. మన కొల్లేరు ఆ జాబితాలో చేరింది 2002లో. ఆ తరవాత 2008లో యునెస్కో వాళ్ళు దీన్నీ, దీనికి పడమరగా దూరాన ఉన్న నౌర్జుమ్ రిజర్వునూ కలిపి, సర్యార్కా అనే పేరు మీద ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. రెండూ కలిపి నాలుగున్నర లక్షల హెక్టార్లు. ప్రకృతి విభాగంలో కజకిస్తాన్‌కు అదే మొదటి వారసత్వ స్థలం.

సముద్రానికి ఇంత దూరాన ఉన్న నేలకు ఉప్పు ఎక్కడిది? ఇది అడగదగ్గ ప్రశ్న. అక్కడ చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు 40 డిగ్రీల కిందికి పడిపోయే రోజులున్నాయి. వేసవిలో 40 డిగ్రీల ఎండ కాసే రోజులూ ఉన్నాయి. వాన, మంచు అన్నీ కలుపుకున్నా ఏడాదికి 250 నుంచి 300 మిల్లీమీటర్లు. మన అనంతపురంలో పడే వానలో అది సగం. పడిన నీటికన్నా ఎండా గాలీ కలిసి లాగేసేది ఎక్కువ. భూమి లోపల ఉన్న నీరు మట్టి సందుల్లోంచి పైకి పాకి వస్తుంది. వచ్చి, తాను ఆవిరైపోయి, వెంట తెచ్చిన లవణాలను పైన వదిలి పోతుంది. ఏటా కాస్త కాస్త. వేల సంవత్సరాలుగా సాగుతున్న పని ఇది.

అయితే ఆ ఉప్పు నేలంతటా ఒకే తీరుగా ఉండదు. అదే అక్కడి విశేషం. ఒక అడుగు ఎత్తు పెరిగితే ఒక లోకం, ఒక అడుగు దిగితే ఇంకో లోకం. మెరక మీద పొడవాటి తెల్లటి కుచ్చులు వేసే ఈకగడ్డి పెరుగుతుంది. మే చివర, జూన్ నెలల్లో గాలి వీస్తే ఆ కుచ్చులు మైళ్ళ పొడవునా ఒక్కసారి ఒరుగుతాయి. దాని కింది అంచెలో, చవుడు తగిలిన చోట, బూడిదరంగు ఆకులతో ఒక చిన్న పొద ఉంటుంది. వినాయకచవితి పత్రిలో మనం వాడే మాచిపత్రికి దగ్గర చుట్టం. నలిపితే ఘాటైన వాసన. ఇంకా దిగువన, సరస్సు అంచున, ఆకులే లేకుండా కణుపులు కణుపులుగా పెరిగే సాలికోర్నియా అనే ఉప్పుమొక్క. ఉప్పును ఒంట్లో దాచుకుని బతకడం నేర్చిన మొక్క అది. సెప్టెంబరు వచ్చేసరికి ముదురు ఎరుపుకు తిరుగుతుంది. అప్పుడు సరస్సు ఒడ్డంతా ఎర్రటి పట్టీ వేసినట్టుంటుంది. దాని లోపలి పక్క తెల్లటి ఉప్పు, దానికి అవతల నీలం నీళ్ళు. వసంతంలో ఇదే నేల మీద పసుపు, ఎరుపు తులిప్ పూలు పూస్తాయి. తోటల్లో మనం చూసే తులిప్‌లకు పూర్వీకులు ఇలాంటి మైదానాల్లోని అడవి పూలే.

ఇక నీళ్ళ సంగతి. ఈ కథలో అసలు నాయకుడు నూరా అనే నది. కరగండా ప్రాంతపు గుట్టల్లో పుట్టి, తొమ్మిది వందల కిలోమీటర్లకు పైగా పడమరకు నడిచి వస్తుంది. ముందుగా కోర్గల్జిన్ సరస్సుల గుంపులోకి దిగుతుంది. అవి మంచినీళ్ళ సరస్సులు, నిండా కిక్కిస. కొల్లేరు లంకల వాళ్ళకు కిక్కిస అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. మనిషికి రెండింతల ఎత్తున, పడవ కూడా చొరలేనంత దట్టంగా పెరుగుతుంది. నది తెచ్చిన ఒండ్రును అక్కడ వదిలి, తేరుకుని, చివరకు తెంగిజ్ అనే పెద్ద సరస్సులో కలుస్తుంది. దక్షిణం వైపు నుంచి కులానుత్పెస్ అనే ఇంకో నదీ అందులోకే వస్తుంది. తెంగిజ్ విస్తీర్ణం సుమారు 1,590 చదరపు కిలోమీటర్లు. కొల్లేరు అభయారణ్యానికి ఐదింతలు. లోతు మాత్రం చాలాచోట్ల రెండు మూడు మీటర్లే.

తెంగిజ్‌లోకి వచ్చే దారులున్నాయి, పోయే దారి లేదు. నీళ్ళు ఆకాశంలోకి పోవలసిందే. ఉప్పు పోదు. పొయ్యి మీద పులుసు మరిగి చిక్కబడ్డట్టు సరస్సు ఏటికేడు చిక్కబడుతుంది. నదిలో నీళ్ళు ఎక్కువ వచ్చిన ఏడాది కాస్త పలచబడుతుంది. అందుకే తెంగిజ్ ఎంత ఉప్పన అంటే ఒక్క అంకెలో చెప్పడం కుదరదు. నది నోటి దగ్గర ఒక లెక్క, అవతలి ఒడ్డున ఇంకో లెక్క. కరువు ఏడాది సముద్రపు నీటిని మించిపోయేంత ఉప్పు.

నూరా ఏడాది పొడవునా మోసే నీళ్ళలో పెద్దవాటా ఏప్రిల్, మే నెలల్లోనే వచ్చేస్తుంది. మనకు జూలై, ఆగస్టు వరదల్లాగా వాన వల్ల కాదు. ఐదు నెలలపాటు మైదానం మీద గడ్డకట్టి ఉన్న మంచు ఒక్కసారిగా కరుగుతుంది. కింద నేల ఇంకా గడ్డకట్టే ఉంటుంది కనుక నీరు ఇంకదు, జారి నదిలో పడుతుంది. ఆ రెండు నెలల వరద ఎలా ఉంటే ఆ ఏడాది తెంగిజ్ బతుకు అలా ఉంటుంది.

ఇప్పుడు ఫ్లెమింగోల దగ్గరికి వద్దాం. మన సూళ్ళూరుపేట వాళ్ళకు ఫ్లెమింగో అంటే పండగ. ఆ పండగ చూసినవాళ్ళకు ఇది వేడి దేశపు పక్షి అనిపిస్తుంది. నిజానికి పెద్ద ఫ్లెమింగో సహజంగా గుడ్లు పెట్టే చోట్లన్నిటిలోకీ ఉత్తరాన ఉన్నది తెంగిజ్. చలికాలంలో పైన మంచు కట్టే సరస్సు అది. అక్కడికి ఫ్లెమింగో ఎందుకు పోతుంది? తిండి కోసం. తెంగిజ్ ఉప్పులో చేప బతకదు. చేప లేని చోట ఆర్టీమియా అనే వేలిగోరంత రొయ్యజాతి పురుగు నీళ్ళు ఎర్రబడేటంతగా పెరుగుతుంది. ఆర్టీమియా పేరు మన కోస్తా జిల్లాల్లో రొయ్యల హేచరీలలో పనిచేసే ప్రతి కుర్రాడికీ తెలుసు. డబ్బాల్లో వచ్చే దాని గుడ్లను ఉప్పునీళ్ళలో పొదిగించి రొయ్యపిల్లలకు మేతగా వేస్తారు. ఆ డబ్బాల్లో అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ సరుకు ఎక్కువ. కజకిస్తాన్ ఉప్పు సరస్సుల సరుకూ ప్రపంచ మార్కెట్లో ఉంది. అంటే ఫ్లెమింగో తినే పురుగునే మన వనామీ రొయ్య కూడా పసితనంలో తింటుంది. ఫ్లెమింగోకు ఆ గులాబిరంగు వచ్చేదీ అలాంటి తిండిలోని రంగు పదార్థాల నుంచే.

ఏప్రిల్‌లో మంచు విరగగానే అవి దిగుతాయి. సరస్సు మధ్యలో ఉన్న బురద దిబ్బల మీద, మట్టిని ముక్కుతో పోగుచేసి, పైన గుంట ఉండేలా చిన్న దిమ్మె కడతాయి. ఒక్కో జంటకు ఒక్కటే గుడ్డు. పొదగడానికి నెలరోజులు. పిల్ల బూడిదరంగులో ఉంటుంది, ముక్కు తిన్నగా ఉంటుంది, వంపు తరవాత వస్తుంది. కొద్దిరోజులకే పిల్లలన్నీ గుంపుగా చేరతాయి. కొద్దిమంది పెద్దల కాపలాలో నీళ్ళంచున నడుస్తుంటాయి. ఎగరడానికి రెండున్నర నెలలకు పైగా పడుతుంది. ఇక్కడే ఉంది చిక్కు. నీళ్ళు తగ్గితే దిబ్బ ఒడ్డుకు అతుక్కుపోతుంది, తోడేలూ నక్కా నడిచి వస్తాయి. నీళ్ళు పెరిగితే గూళ్ళు మునుగుతాయి. రెండూ తప్పినా, సెప్టెంబరు దాటాక చలి ముంచుకొస్తుంది. ఆలస్యంగా పుట్టిన పిల్లకు గడువు చాలదు. కొన్ని పిల్లలు దక్షిణానికి పోవలసింది పోయి, దారి తప్పి ఉత్తరానికి పోతాయి. సైబీరియా పల్లెల్లో మంచులో దిక్కుతోచక నిలబడ్డ ఫ్లెమింగో పిల్లలు జాలర్లకు దొరికిన సంఘటనలున్నాయి. జంతుప్రదర్శనశాలలకు అప్పగించారు వాటిని.

దారి తెలిసినవి ఎక్కువగా కాస్పియన్ సముద్రం వైపు, ఇరాన్ తీరానికి వెళతాయి. మన పులికాట్‌లో దిగేవి ఈ గుంపులే అనుకోవద్దు. వాటికి దగ్గర పుట్టిల్లు కచ్ రణ్ ఉంది.

అందరి చూపూ ఫ్లెమింగో మీదే ఉంటుంది, ఫొటోకు అది బాగుంటుంది గనక. కోర్గల్జిన్ సొత్తు అనదగ్గవి మాత్రం వేరే పక్షులు. కిక్కిసలో డాల్మేషియన్ గూడబాతు ఉంది. నేలపట్టులో కడప చెట్ల మీద గూళ్ళు కట్టే మన గూడబాతుకు దాయాది, ఒడ్డూ పొడుగూ ఇంకా ఎక్కువ. అక్కడ చెట్లు లేవు కనుక, తేలే కిక్కిస తెప్పల మీద గూడు కడుతుంది. తెల్లతల బాతు ఉంది. గుడ్లు పెట్టే రోజుల్లో మగదాని ముక్కు నీలిరంగుకు తిరుగుతుంది. ప్రపంచంలో తగ్గిపోతున్న బాతుల్లో అదొకటి.

నాకు వీటన్నిటికన్నా ఆసక్తి కలిగించేది నల్ల భరతపక్షి. పిచ్చుకకన్నా కాస్త పెద్దది. మగది నిలువెల్లా నలుపు, ముక్కు మాత్రం లేతరంగు. సైబీరియా, కజకిస్తాన్ పక్షులన్నీ చలికి దక్షిణానికి పరుగెత్తుతుంటే, వీటిలో చాలా మగపక్షులు అక్కడే మంచు మీద గుంపులు కట్టి శీతాకాలం గడుపుతాయి. ఆడది గూడు కట్టే పద్ధతి ఇంకా విచిత్రం. నేల మీద, గడ్డి దుబ్బు పక్కన గుంట చేసుకుని, గూటి ముందర ఎండిన పేడ ముక్కల్ని తెచ్చి అరుగులాగా పరుస్తుంది. ఒక్కో ముక్కా మోసుకొచ్చి పేరుస్తుంది. ఎందుకు? కోర్గల్జిన్ పరిసరాల్లోనే పరిశోధకులు ఈ సంగతి పట్టించుకుని చూశారు. గూటి దగ్గరి వేడిని, చలిని సర్దడానికి ఇది పనికొస్తుందని, పశువులు పేడ ఉన్నచోట మేయవు కనుక గిట్టల కింద గూడు నలిగిపోకుండా ఉంటుందని వాళ్ళ ఆలోచన. పశువు వదిలినదాన్నే పశువుకు అడ్డం పెట్టడం. ఇది ఏ ఇంజనీరు చెప్పాడో దానికి!

పేడ మాట వచ్చింది గనుక ఇంకో పక్షిని చెప్పాలి. మన తీతువు పిట్ట అందరికీ తెలుసు. చెరువుగట్టున మనిషిని చూస్తే చాలు, అరిచి గోల చేస్తుంది. దాని జాతిలోదే ఒకటి ఈ మైదానంలో గుడ్లు పెడుతుంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని సోషబుల్ ల్యాప్‌వింగ్ అంటారు. మనం మంద తీతువు అనుకుందాం. నెత్తి మీద నల్లటి టోపీ, కంటి పైన తెల్లటి గీత, పొట్ట కింద నలుపు, ఎరుపు మచ్చ. అత్యంత ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితాలో 2004 నుంచి ఉంది. ఈ పక్షికి మనుషులు లేని చోటు అక్కరలేదు. పశువులు మేసి, తొక్కి, గడ్డి పొట్టిగా చేసిన నేల కావాలి. అందుకని ఊళ్ళ చుట్టూ, పశువుల దారుల వెంట గుడ్లు పెడుతుంది. పూర్వం ఆ మేత పని సైగా జింకల మందలు చేసేవి. అవి తగ్గాక ఊరి గుర్రాలూ ఆవులూ గొర్రెలూ చేస్తున్నాయి. సోవియట్ యూనియన్ 1991లో కూలినప్పుడు సామూహిక క్షేత్రాలు మూతపడ్డాయి, మందలు అమ్ముడుపోయాయి, ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. మేసే నోళ్ళు లేక గడ్డి మోకాలెత్తు పెరిగింది, ఎండింది, తగలబడింది. మంద తీతువుకు ఊరి అంచున ఉన్న కాస్త పొట్టి గడ్డే మిగిలింది.

మొదట్లో పశువుల కాళ్ళ కింద గుడ్లు చితికిపోవడమే దాని కష్టానికి కారణమనుకున్నారు. ఉపగ్రహ పరికరాలు కట్టి వెంబడించాక తెలిసింది, అసలు కష్టం దారిలో ఉందని. కొన్ని గుంపులు సిరియా, ఇరాక్ మీదుగా సూడాన్ దాకా పోతాయి. ఆ దారిలో వేటగాళ్ళ తుపాకులున్నాయి. మరికొన్ని తుర్క్‌మెనిస్తాన్, ఉజ్బెకిస్తాన్ సరిహద్దుల్లో ఆగి, పాకిస్తాన్ మీదుగా మన రాజస్థాన్, గుజరాత్ బీళ్ళకు వస్తాయి.

ఇంతకీ ఈ మైదానం ఇంకా మైదానంలాగా ఎందుకు మిగిలింది? ఇది చెప్పడానికే నేను ఇవాళ మీ ముందుకు వచ్చాను.

1954లో సోవియట్ నాయకుడు నికితా క్రుశ్చేవ్ కన్నెభూముల ఉద్యమం మొదలుపెట్టాడు. ధాన్యం కొరత తీరాలి, ఎన్నడూ నాగలి తగలని స్టెప్పీని దున్నాలి. రైళ్ళ నిండా యువకులు, ట్రాక్టర్లు వచ్చాయి. కొద్ది ఏళ్ళలోనే ఒక్క కజకిస్తాన్‌లో దాదాపు 2.5 కోట్ల హెక్టార్లు దున్నారు. ఇవాళ అస్తానా అని పిలుస్తున్న ఊరికి 1961లో పెట్టిన పేరు త్సెలినోగ్రాద్, అంటే కన్నెభూముల నగరం. మొదటి పంటలు బాగానే వచ్చాయి. అరవయ్యో దశకం మొదట్లో గాలి లేచింది. వేళ్ళు తెగిన మట్టి దుమ్ముతుఫానులై ఎగిరింది. నల్లరేగడి లాంటి మంచి నేలలన్నీ నాగలి కింద పోయాయి. పక్షులూ, గడ్డీ, మార్మోట్ అనే బొరియల ఉడుతలూ ఇవాళ ఎక్కడ మిగిలాయో చూడండి. చవుడు నేలల్లో మిగిలాయి. ట్రాక్టరు కోర్గల్జిన్ దాకా వచ్చి ఆగింది. పర్యావరణ చైతన్యం వల్ల కాదు, గోధుమ మొలవదని. రిజర్వు హద్దులు 1968లో గీశారు గానీ, అసలు కంచె ఉప్పు ఎప్పుడో వేసింది. చట్టాలు కాపాడాయని చెప్పుకుంటాం. చట్టం వచ్చేదాకా ఆ నేలను నిలబెట్టింది దాని చెడ్డపేరే.

ఈ మాట మనకూ తగులుతుంది. శ్రీకాకుళం జిల్లాలో సోంపేట బీల ఉంది. దాన్ని పనికిరాని భూమిగా చూపించి థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇవ్వబోయారు. అది బంజరు కాదు, చిత్తడి నేల అని రైతులూ జాలర్లూ అడ్డం తిరిగారు. 2010 జూలైలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. చివరకు పర్యావరణ అనుమతి రద్దయింది. సోవియట్ వాళ్ళకు గోధుమ పండనిది పనికిరాని నేల. ఇప్పుడు మనకు ఏమీ కట్టనిది పనికిరాని నేల. రెండో రకం చూపుకు ఉప్పు అడ్డం రాదు. ఫ్యాక్టరీ పునాదికి చవుడైనా ఒకటే.

సైగా జింక సంగతి చెప్పకుండా ఈ మైదానం గురించి మాట్లాడితే తప్పవుతుంది. మేకంత ఒళ్ళు, ముందుకు వేలాడే కండగల ముక్కు. చూడగానే ఎవరో తొందరలో అతికించారేమో అనిపిస్తుంది. కానీ మంద పరుగెత్తేటప్పుడు లేచే దుమ్మును వడకట్టడానికీ, శీతాకాలపు గాలిని లోపలికి పోకముందే వేడి చేయడానికీ అదే ఉపాయం. మగదానికి తేనెరంగు కొమ్ములు. చైనా మందుల్లో ఆ కొమ్ములకు గిరాకీ. సోవియట్ కాలం చివర కజకిస్తాన్‌లో పది లక్షలకు దగ్గరగా ఉన్న సైగాలు, కూలీ లేక, జీతం లేక వేటకు దిగిన పల్లెల వల్ల, కొమ్ముల బేరగాళ్ళ వల్ల, 2003 నాటికి 21 వేలకు పడిపోయాయి. ప్రభుత్వం, అక్కడి జీవవైవిధ్య సంఘం, విదేశీ సంస్థలు కలిసి ఆల్తిన్ దాలా అనే పథకం పట్టాలెక్కించాయి. కాపలా దళాలు పెట్టారు, రిజర్వులు పెంచారు. సంఖ్య మళ్ళీ లక్షల్లోకి ఎక్కింది.

అప్పుడు 2015 మే నెల వచ్చింది. ఆడ సైగాలన్నీ ఒకచోట చేరి, ఇంచుమించు పదిరోజుల వ్యవధిలో ఈనే కాలం అది. మూడు వారాల్లో రెండు లక్షలకు పైగా చచ్చిపోయాయి. తల్లులు పోయాయి, పాలు తాగిన పిల్లలు పోయాయి. విషం అన్నారు, రాకెట్ ఇంధనం అన్నారు. పరీక్షల్లో తేలినది పాశ్చురెల్లా మల్టోసిడా అనే సూక్ష్మజీవి. మన గేదెలకు తొలకరిలో వచ్చే గొంతువాపు జబ్బుకు కారణం కూడా ఇదే జాతి సూక్ష్మజీవి. మన పశువుల డాక్టర్లు వానాకాలానికి ముందే టీకాలు వేసేది దీనికే. సైగాల గొంతుల్లో ఇది మామూలుగా ఏ హానీ చేయకుండా ఉంటూనే ఉంది. ఆ మే నెలలో, జబ్బు పుట్టడానికి ముందు రోజుల్లో, మామూలును మించిన ఉక్క, తేమ వచ్చాయి. దాంతో లోపలున్నదే శత్రువయింది. మన పాడిరైతుకు తొలకరి ఉక్క అంటే భయం ఎందుకో అడిగితే ఆ శాస్త్రవేత్తల వ్యాసం సారాంశం అతనే చెప్పగలడు.

సైగా కోలుకున్న తీరు ఇంకా ఆశ్చర్యం. ఆడది ఎక్కువగా కవలలను ఈనుతుంది, మొదటి ఏడాది నుంచే ఈనుతుంది. 2024 లెక్కకు కజకిస్తాన్‌లో 28 లక్షలు దాటాయి. అత్యంత ప్రమాదంలో ఉన్న జంతువు అన్న ముద్రను 2023 డిసెంబరులో తీసేశారు. 2024లో ఆల్తిన్ దాలా పథకానికి ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది. ఇప్పుడు అక్కడి రైతులు పంటలు మేసేస్తున్నాయని, నీటిగుంటలు తాగేస్తున్నాయని మొత్తుకుంటున్నారు, ప్రభుత్వం కొన్నిటిని వేటాడించాలని చూసింది. రైతును నేను తప్పుపట్టను. జింకల మంద పడిన చేను ఎలా ఉంటుందో కృష్ణజింకలు తిరిగే కర్నూలు జిల్లా పల్లెల్లో అడగండి. అయితే 2015ను మరచిపోయి 28 లక్షలన్న అంకెను శాశ్వతం అనుకుంటే మాత్రం అది తెలివితక్కువతనం.

ఇంకొక గండం గురించి చెప్పాలి. నూరా నది ఎగువన తెమిర్తావ్ అనే ఉక్కు పట్టణం ఉంది. అక్కడి రసాయన కర్మాగారం ఒకటి పాదరసాన్ని వాడి ఎసిటాల్డిహైడ్ తయారుచేసేది. దశాబ్దాలపాటు ఆ పాదరసం నదిలో కలిసింది. అడుగున బురదలో, కర్మాగారాల బూడిదతో కలిసి పేరుకుంది. అదృష్టం ఏమిటంటే దానిలో ఎక్కువభాగం ఇంతుమాక్ జలాశయానికి ఎగువనే ఆగింది. ప్రపంచ బ్యాంకు అప్పుతో 2000 తరవాత ఆ బురదను తోడి పూడ్చారు, ఆనకట్టను మళ్ళీ కట్టారు. ఇప్పుడు బెంగ నీటి నాణ్యత కన్నా నీటి పరిమాణం మీద. ఎగువన గనులు, కర్మాగారాలు, పెరిగే పట్టణాలు, జలాశయాలు. వసంతకాలపు వరదను ఆనకట్ట వెనక ఆపేస్తే కిక్కిస సరస్సులు ఎండుతాయి, తెంగిజ్ ఉప్పుముద్ద అవుతుంది. నూరా నీళ్ళలో సరస్సుకు వాటా ఉందని గట్టిగా రాసుకోకపోతే వారసత్వ స్థలం అన్న బోర్డు మాత్రమే మిగులుతుంది.

దూరదేశపు సరస్సుకు నీళ్ళొస్తే మనకేమిటి అని ఎవరైనా అడగవచ్చు. మన ప్రబంధ కవులకు జక్కవల జంట లేనిదే చంద్రోదయం లేదు. ఆ జక్కవ, అంటే చక్రవాకం, చలికాలంలో గోదావరి ఇసుకతిన్నెల మీద, పులికాట్ అంచున ఇటుకరంగు ఒంటితో కనిపిస్తుంది.  దాని గూడు ఇక్కడ లేదు. టిబెట్ నుంచి కజకిస్తాన్ దాకా ఉప్పు సరస్సుల పక్కన, మార్మోట్‌లూ నక్కలూ వదిలేసిన బొరియల్లో గుడ్లు పెడుతుంది. సూదితోక బాతుకూ, చెంచామూతి బాతుకూ గూళ్ళు అటువైపే. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో కాళ్ళకు ఉంగరాలు తొడిగి వదిలిన బాతులు సోవియట్ భూముల్లో దొరికాయి. ఉత్తర ధ్రువపు అంచుల నుంచి హిందూ మహాసముద్రం దాకా 30 దేశాల మీదుగా సాగే ఆ ఆకాశమార్గాన్ని మధ్య ఆసియా వలసమార్గం అంటారు. దాని సమన్వయ కేంద్రం భారతదేశంలో ఉండాలని 2024 ఫిబ్రవరిలో సమర్‌ఖండ్‌లో జరిగిన సదస్సులో నిర్ణయించారు. పెత్తనం చేతికి వచ్చింది కాబట్టి మన కొల్లేరు ఆక్రమణల సంగతి కూడా ఇకమీద ఇతర దేశాలు అడగవచ్చు.

ఈ చలికాలంలో మీరు కొల్లేరుకో పులికాట్‌కో, మీ ఊరి చెరువుకో వెళ్ళినప్పుడు ఏదైనా పక్షి కాలికి ఉంగరం గానీ, మెడకు రంగు పట్టీ గానీ కనిపిస్తే, దగ్గరికి పోయి బెదరగొట్టకండి. దాని మీది అక్షరాలూ అంకెలూ, తేదీ, చోటు రాసుకోండి. వీలైతే ఫొటో తీయండి. ఆ వివరాలు ముంబయిలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపించండి. ఆ పక్షి ఏ సరస్సు దగ్గర పుట్టిందో, ఎన్నేళ్ళదో తేలేది అలా రాసిపెట్టినవాళ్ళ వల్లనే.